గోడదా తప్పు? రక్తానిదా?

పిల్లలూ, కాశీకి వెళ్ళాలన్నా, కాశ్మీరం వెళ్ళాలన్నా ముందు టిక్కెట్టు కొనాలి. ఈ నెల మనం చెయ్యబోయే యాత్రకు టిక్కెట్టు అక్కరలేదు. అయితే ఇది చిన్న యాత్ర మాత్రం కాదు. ఈజిప్టు వెళతాం, ఇటలీ వెళతాం, రష్యా చలిలో కుందేళ్ళను చూస్తాం, అమెరికాలో కొన్ని ఊళ్ళు తిరుగుతాం, జపానులో ఒక బియ్యపు కొట్టులోకి తొంగి చూస్తాం. ఇన్ని దేశాలు ఎందుకంటారా? మనం ఒక తగాదా వెంట పోతున్నాం. ఆ తగాదా తీరటానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

తగాదా ఏమిటో ముందు చెబుతాను. "ఫలానా వారికి గుండెపోటు వచ్చిందట, రక్తనాళం పూడుకుపోయిందట" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోగా మీరు వినే ఉంటారు. ఆ పూడిక ఎక్కడిది? రక్తం తనతో పాటు ఒండ్రు తెచ్చి గోడమీద పోసిందా? లేక గోడే జబ్బుపడి లోపలికి ఉబ్బిందా? తప్పు రక్తానిదా, గోడదా?

యాత్రకు బయలుదేరే ముందు దారి సంగతి కొంచెం తెలుసుకోవాలి. మీ గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుందాం. రోజుకు ఎన్నిసార్లో మీరే లెక్క వెయ్యండి. లక్ష దాటుతుంది! ప్రతి దెబ్బకూ గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. ఈ రక్తం పోయే గొట్టాలను ధమనులు అంటారు. మరి, ఊరందరి పొలాలకూ నీళ్ళు వదిలే లస్కరుకు సొంత పొలం ఉంటే దానికి నీళ్ళు ఎక్కడివి? అదే కాలువలోవి! గుండెకూడా అంతే. తన లోపలినుంచి ఎంత రక్తం పోతున్నా, గుండె కండరం దాన్ని నేరుగా తాగలేదు. గుండెనుంచి పెద్ద ధమని బయలుదేరే చోటనే రెండు పిల్ల కాలువలు చీలి, వెనక్కు తిరిగి గుండెకే రక్తం తెస్తాయి. అవి మొదట్లో మీరు రాసే పెన్సిలు మందంలో సగం వెడల్పు ఉంటాయి, అంతే. ఇంత సన్నటి దారి పూడితే గుండె ఆకలితో విలవిలలాడుతుంది. అదే గుండెపోటు.

ఇక పదండి, ముందు ఈజిప్టుకు.

నైలునది ఒడ్డున కైరో నగరం. మూడు వేల ఏళ్ళనాటి రాజుల శరీరాలను చెడిపోకుండా మందులు పూసి, గుడ్డలు చుట్టి దాచిన మమ్మీలు ఇక్కడ ఉన్నాయి. వాటిలో మెర్నెప్తా అనే రాజు మమ్మీ ఒకటి. ఈయన రాంసెస్ చక్రవర్తి కొడుకు. 2008లో కొందరు గుండె వైద్యులు అక్కడి మ్యూజియం చూడబోయి, ఈ రాజుకు ధమనులు గట్టిపడే జబ్బు ఉండేదని పలకమీద రాసి ఉండటం చదివారు. వాళ్ళకు నమ్మకం కలగలేదు. అప్పుడు మోటార్లు లేవు, సిగరెట్లు లేవు. ఈ కాలపు జబ్బు ఆ కాలానికి ఎట్లా పోయింది?

మరుసటి ఏడు వాళ్ళు 22 మమ్మీలను సీటీ స్కాన్ యంత్రంలో పెట్టి చూశారు. గుడ్డలు విప్పకుండానే లోపలిది చూపగల యంత్రం అది. 16 మమ్మీలలో గుండెగాని, ధమనులుగాని మిగిలి ఉన్నాయి. ఆ 16లో 9 మమ్మీల ధమనులలో, లేక అవి ఉండవలసిన చోట, సున్నపు మచ్చలు తెల్లగా మెరిశాయి! కనక ఈ జబ్బు ఈ కాలంలో పుట్టింది కాదు. మనిషి ఒంట్లోనే దానికి ఎక్కడో చోటున్నది. ఈ కాలపు అలవాట్లు దాన్ని పెంచి పోషిస్తున్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు నడుద్దాం.

ఇప్పుడు ఇటలీ దేశంలోని ఫ్లోరెన్సు నగరం చేరాం. ఇక్కడ శాంతా మరియా నువోవా అనే ఆస్పత్రి ఉన్నది. దాన్ని స్థాపించింది 1288లో. ఈ రోజుకూ అక్కడ రోగులకు వైద్యం జరుగుతూనే ఉన్నది. 1507-08 చలికాలంలో ఆ ఆస్పత్రి మంచంమీద ఒక ముసలాయన కూచుని, తనకు నూరేళ్ళు దాటాయనీ, నీరసం తప్ప బాధేమీ లేదనీ చెప్పాడు. ఆ మాట చెప్పిన కొద్ది గంటలకే, కూచున్నవాడు కూచున్నట్టే ప్రాణం విడిచాడు. ఆ మాటలు విన్నవాడెవరో తెలుసా? గొప్ప చిత్రకారుడు లియొనార్డో డా వించీ. ఇంత సుఖమైన చావుకు కారణమేమిటా అని ఆయనకు కుతూహలం కలిగింది. అందుకని శవాన్ని కోసి చూశాడు. గుండెకు రక్తం తెచ్చే నాళం ఎండి, కుంచించుకుపోయి ఉన్నది. తరవాత రెండేళ్ళ బిడ్డ శవాన్నికూడా పరీక్షిస్తే, అందులో అన్నీ దీనికి తారుమారుగా కనిపించాయి. పండు ముదిరినకొద్దీ తొక్క మందమై గుజ్జు తగ్గే నారింజతో ఆయన ముసలివాళ్ళ రక్తనాళాలను పోల్చాడు. చూశారా, బొమ్మలు వేసేవాడి కన్ను! అయితే ఆ కాగితాలు చాలా కాలం అచ్చు కాలేదు. అందువల్ల వైద్యులు ఈ సంగతి మళ్ళీ మొదటినుంచీ తెలుసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు తగాదా దగ్గరికి వచ్చాం. ఒక పక్షం వియన్నా నగరంలో ఉన్నది, రెండోది బెర్లినులో. వియన్నాలో రొకిటాన్‌స్కీ అనే మహా వైద్యుడు ఉండేవాడు. చనిపోయినవారి శరీరాలు వేలకొద్దీ పరీక్షించిన అనుభవం ఆయనది. 1840 తరవాతి ఏళ్ళలో ఆయన ఇట్లా వాదించాడు: "ధమని లోపల కనిపించే గడ్డ రక్తంలోని పదార్థాలనుంచే వచ్చింది. రక్తం గోడమీద పొరలు పొరలుగా పేరుకుంటుంది." బెర్లినులో విర్కో అనే మరో మహా వైద్యుడు ఉండేవాడు. ప్రతి కణమూ మరో కణంనుంచే పుడుతుందని లోకానికి చాటినవాడు ఆయనే. 1856 ప్రాంతంలో ఆయన, "కాదు, ఇది గోడకు వచ్చిన వాపు. గోడలోని కణాలే రెచ్చిపోయి పెరుగుతున్నాయి," అన్నాడు.

ఇద్దరూ మహానుభావులే. ఇద్దరూ కళ్ళారా చూసిందే చెప్పారు. ఎవరి మాట నమ్మటం?

తగాదా అట్లా ఉండగానే జబ్బుకు ఒక పేరు వచ్చింది. 1904లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో మార్షండ్ అనే వైద్యుడు దానికి అథిరోస్క్లెరోసిస్ అని పేరు పెట్టాడు. నోరు తిరగటం లేదా? విడదీసి చూడండి. గ్రీకు భాషలో అథిరె అంటే జావ. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం. మన అంబలి లాటి జావ గోడలోపల చేరి, దాని చుట్టూ గోడ గట్టిపడుతుందన్నమాట. పేరులోనే సగం కథ ఉన్నది.

ఇక రష్యాకు, సెంట్ పీటర్స్‌బర్గుకు వెళదాం. అక్కడి సైనిక వైద్య కళాశాలలో అనిచ్‌కోవ్ అనే యువకుడూ, అతని స్నేహితుడు ఖలతోవ్ కుందేళ్ళను మేపుతున్నారు. అంతకుముందు 1908లో మరొక రష్యా వైద్యుడు కుందేళ్ళకు మాంసం, పాలు, గుడ్లు పెడితే వాటి ధమనులు చెడిపోయాయి. ఆ తిండిలో ఏ పదార్థం ఆ పని చేసింది? అది తేల్చుకోవటానికి ఈ స్నేహితులు ఒక చక్కని ఉపాయం చేశారు. కొన్ని కుందేళ్ళకు పొద్దుతిరుగుడు నూనె ఇచ్చారు. మరికొన్నిటికి అదే నూనెలో కొలెస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని కరిగించి ఇచ్చారు. ఒక్క నూనె తాగిన కుందేళ్ళ ధమనులు శుభ్రంగానే ఉన్నాయి. కొలెస్టెరాల్ తిన్నవాటి ధమనులలో పసుపుపచ్చని మచ్చలు లేచాయి. 1913లో ఈ సంగతి ప్రకటించారు.

అనిచ్‌కోవ్ మచ్చలను మైక్రోస్కోపు కింద చూశాడు. వాటినిండా నురుగుతో నింపినట్టున్న కణాలు కనిపించాయి. అవి రక్తంలోనుంచి వచ్చిన తెల్లకణాలేనని అతనికి తోచింది. మచ్చలు ధమని పొడుగునా సమంగా లేవు. అవి ఎక్కువగా ఉన్నది ధమని వంపు తిరిగే చోట, కొమ్మలు చీలే చోట! కాలువ వంపులో, నీళ్ళు సుడి తిరిగే చోట ఒండ్రు చేరటం మీరు చూశారుకదా?

చాలామంది ఈ మాటను పట్టించుకోలేదు. "కుందేలు గడ్డి తినే జంతువు. దానికి కొవ్వు అరగదు. కుక్కకూ, ఎలుకకూ కొలెస్టెరాల్ పెట్టి చూడండి, ఏమీ కాదు," అన్నారు. ఆ జంతువుల ఒళ్ళు కొలెస్టెరాల్‌ను వేరే విధంగా సర్దుకుంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. జంతువులు జంతువులే, మరి మనుషుల సంగతి?

మనుషుల సంగతి తెలియాలంటే సముద్రం దాటాలి. అమెరికాలో బోస్టన్ నగరానికి పడమరగా 20 మైళ్ళ దూరంలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణం ఉన్నది. చూడవచ్చే యాత్రికులు దీనికి లేరు. కాని ప్రపంచంలోని గుండె వైద్యులందరికీ ఈ ఊరి పేరు తెలుసు. 1948లో ఈ ఊళ్ళోని స్త్రీ పురుషులు 5,209 మందిని, 30 ఏళ్ళనుంచి 62 ఏళ్ళవరకూ వయసుగలవారిని, వైద్యులు పరీక్షించసాగారు. వాళ్ళు రోగులు కారు. రెండేళ్ళకొకసారి వచ్చి రక్తం ఇచ్చి, రక్తపు పోటు చూపించుకుని, తమ అలవాట్లు చెప్పి పోయేవారు. ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి రాలేదు అని వైద్యులు ఓపికగా రాసుకున్నారు. రక్తపు పోటు, కొలెస్టెరాల్ ఎక్కువైనవారికి, సిగరెట్లు కాల్చేవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తున్నదని ఆ లెక్కలలో తేలింది. 1971లో ఆ మనుషుల పిల్లలు, 2002లో మనుమలు ఈ పనిలో చేరారు. మందు తయారు చెయ్యకుండా, యుద్ధం చెయ్యకుండా, కేవలం నిజం చెబుతూ లోకానికి మేలు చేసిన ఊరు ఇది.

అయితే, పిల్లలూ, ఈ జబ్బు పెద్దవాళ్ళదేననుకుని మీరు పేజీ తిప్పెయ్యకండి. 1953లో అమెరికా వైద్యులు కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది సైనికుల గుండెలను పరీక్షించారు. ఆ సైనికుల సగటు వయసు 22 ఏళ్ళు. గట్టి కుర్రాళ్ళు. అయినా నలుగురిలో ముగ్గురికి పైగా గుండె ధమనులలో ఈ జబ్బు గుర్తులు కనిపించాయి! గుండెపోటు యాభై, అరవై ఏళ్ళకు రావచ్చు. కాని ధమనిలో మొదటి పసుపు చార మీ వయసులోనే పడవచ్చు.

అంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి ఒకటున్నది. 1968 ప్రాంతంలో, వాషింగ్టన్ నగరం పక్కన ఉన్న ప్రభుత్వ ఆస్పత్రిలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు యువ వైద్యులకు ఇద్దరు తోబుట్టువుల సంగతి తెలిసింది. ఒకరికి ఆరేళ్ళు, ఒకరికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ రక్తంలో కొలెస్టెరాల్ మామూలు పిల్లలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇట్లాటి పిల్లలకు బడికి పోయే వయసులోనే గుండెపోటు వస్తుంది. వాళ్ళు సిగరెట్లు కాల్చారా? లేదు. తిండి ఎక్కువ తిన్నారా? అదీ లేదు. మరి ఎందుకు?

స్నేహితులిద్దరూ టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరానికి పోయి, ఆ ప్రశ్న పట్టుకుని కూచున్నారు. జవాబు అర్థం కావాలంటే మీకు పడవల కథ చెప్పాలి. కొవ్వు నీటిలో కలవదు. రక్తమంటే చాలావరకు నీరే. కొలెస్టెరాల్ ఒక చోటినుంచి ఇంకొక చోటికి ఎట్లా పోతుంది? దాన్ని మాంసకృత్తుల తొడుగులో పెట్టి, చిన్న చిన్న ఉండలుగా చేసి పంపుతుంది మన ఒళ్ళు. ఇవే సరుకు పడవలు. వీటిలో ముఖ్యమైనదాన్ని ఎల్.డి.ఎల్. అంటారు. ఎంత చిన్న పడవంటే, వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చితే ఒక్క మిల్లీమీటరులో 45,000 పడతాయి! కొలెస్టెరాల్ చెడ్డదేమీ కాదు. ప్రతి కణానికీ పైపొర కట్టుకోవటానికి అది కావాలి. అందుకని పడవలు వచ్చి ఆగటానికి ప్రతి కణానికీ రేవులు ఉంటాయి.

1973లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఆ రేవులను కనిపెట్టారు. మామూలు మనిషి చర్మంలోని కణాలను గాజు పళ్ళెంలో పెంచితే, అవి పడవలను పట్టుకుని సరుకు దించుకుంటున్నాయి. ఈ జబ్బుగల పిల్లల కణాలకు రేవులు లేవు, లేదా పనిచెయ్యటం లేదు. రేవు దొరకని పడవలు రక్తంలో అట్లాగే తిరుగుతూ పోగుపడుతున్నాయి. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు లోపాలు కలిసి రావటం మూలాన ఆ పిల్లలకు ఈ కష్టం వచ్చింది. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. ఈ పరిశోధనకు 1985లో ఆ స్నేహితులిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

"అయితే తప్పు రక్తానిదే!" అంటారేమో. ఆగండి, అమెరికాలోనే పడమటి తీరాన సియాటిల్ చూడాలి. అక్కడ రాస్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన మిత్రులు కోతి ధమని గోడలోని కండర కణాలను గాజు పళ్ళెంలో పెంచుతున్నారు. గడ్డకట్టిన రక్తంనుంచి తీసిన తేట పోస్తే ఆ కణాలు గబగబా పెరిగాయి. ప్లేట్‌లెట్లు లేకుండా తీసిన తేట పోస్తే పెద్దగా పెరగలేదు. ప్లేట్‌లెట్లంటే మీకు దెబ్బ తగిలినప్పుడు రక్తం కారకుండా అడ్డం పడే చిన్న చిన్న ఫలకికలు. అవి గడ్డకట్టేటప్పుడు ఏదో ఒక పదార్థం విడుస్తున్నాయి. గోడలోని కణాలకు అది "పెరగండి!" అనే ఆజ్ఞలాగా పనిచేస్తున్నది. ఇది 1974నాటి మాట. చూశారా, రక్తమూ గోడా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి!

ఇప్పుడు మనం యాత్రలో అసలైన చోటికి వచ్చాం. ఆ గోడలోకే పోదాం.

ధమని గోడకు మూడు పొరలు. బయటిది గట్టి నార పొర. మధ్యది కండర కణాల పొర. లోపలిది, కోటుకు వేసే అస్తరు లాగా, ఒకే ఒక వరస కణాలు. అవి వెంట్రుకకంటే ఎన్నో రెట్లు పలచన. కాని ఈ అస్తరు ఊరికే పడి ఉండే గుడ్డ కాదు. ఇది కాపలావాడు. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్ది కొద్దిగా వదులుతూ, గోడ బిగుసుకుపోకుండానూ, ప్లేట్‌లెట్లు అంటుకోకుండానూ చూస్తుంది. ఈ రహస్యం కనిపెట్టినవారికి 1998లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

సిగరెట్టు పొగలోని విషాలు, ఎక్కువైన రక్తపు పోటు, ఎక్కువైన చక్కెర ఈ కాపలావాణ్ణి అలసిపోయేట్టు చేస్తాయి. ధమని వంపులలో, రక్తం సాఫీగా పోకుండా సుడి తిరిగే చోట్ల అతను ముందే బలహీనుడు. అక్కడ ఎల్.డి.ఎల్. పడవలు అస్తరు దాటి లోపలికి జొరబడి, గోడలో చిక్కుకుపోతాయి. పడవలు ఎక్కువైనకొద్దీ చిక్కుకునేవీ ఎక్కువే. చిక్కుకున్నవి, గాలి తగిలిన నెయ్యి కనరెక్కినట్టు, చెడిపోతాయి.

అప్పుడు అస్తరు కణాలు ఏం చేస్తాయి? సాయానికి పిలుస్తాయి. తమ పైన జిగురు కొక్కేల వంటివి నిలబెడతాయి. రక్తంలో పోతున్న తెల్లకణాలు వాటికి తగులుకుని, సందుచేసుకుని గోడలోకి దిగుతాయి. దిగి, చెత్త ఎత్తే పాకీపనివాళ్ళలాగా చెడిపోయిన కొవ్వును మింగటం మొదలుపెడతాయి. మంచి పనే! కాని వాటికి చాలు అనటం తెలియదు. మింగి మింగి, పొట్టనిండా కొవ్వు చుక్కలతో నురుగు ముద్దల్లాగా ఉబ్బిపోతాయి. అనిచ్‌కోవ్ చూసినవి ఇవే. ఇవి గుంపుగా చేరితే అదే పసుపు చార. చాలా నురుగు కణాలు అక్కడే చనిపోతాయి. అప్పుడు మిగిలేది జావ!

ఇక మధ్య పొరలోని కండర కణాలు మేలుకుంటాయి. అవి జరిగి లోపలి పొరలోకి వస్తాయి, పెరుగుతాయి, నార పేనుతాయి. ఆ నారతో జావ కుండమీద మూతలాగా ఒక కప్పు కడతాయి. కాలం గడిచినకొద్దీ అందులో సున్నంకూడా చేరుతుంది. కైరో మమ్మీలలో మెరిసినది ఆ సున్నమే. కప్పు గట్టిగా ఉన్నంతకాలం మనిషికి తెలియకపోవచ్చు. గోడ మొదట్లో బయటివైపుకే ఉబ్బి, రక్తానికి దారి ఇస్తుంది. అందుకనే ఈ జబ్బు ఏళ్ళతరబడి చప్పుడు చెయ్యదు.

కాని లోపలి తెల్లకణాలు ఊరుకోవు. అవి నారను కరిగించే రసాలు విడుస్తాయి. కప్పు పలచబడి, ఒకనాడు పుటుక్కున చిట్లుతుంది. జావ రక్తానికి తగులుతుంది. "గాయమైంది!" అనుకుని ప్లేట్‌లెట్లు పరుగెత్తుకు వస్తాయి. రక్తంలోని మరొక పదార్థం దారాలుగా మారి వల అల్లుతుంది. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడే ఈ పనే, ఇక్కడ సగం పెన్సిలు మందం లేని దారికి అడ్డంగా బిరడా కొడుతుంది. నిమిషాలలో గుండెపోటు!

కనక, పిల్లలూ, ఇది గొట్టంలో తుప్పు పట్టటంలాటిది కాదు. తుప్పు ప్రాణంలేనిది. ఇక్కడ ప్రతివాడూ ప్రాణంతో తన పని తాను చేస్తున్నాడు. పడవ సరుకు మోస్తున్నది. అస్తరు సాయానికి పిలుస్తున్నది. తెల్లకణం చెత్త ఎత్తుతున్నది. కండర కణం మరమ్మతు చేస్తున్నది. ప్లేట్‌లెట్టు గాయం మూస్తున్నది. అందరూ మంచివాళ్ళే. కాని పని మోతాదు మించింది, విశ్రాంతి లేకుండా ఏళ్ళతరబడి సాగింది. రొకిటాన్‌స్కీ చెప్పిన రక్తపు గడ్డ నిజమే. విర్కో చెప్పిన గోడ వాపూ నిజమే. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళ కథలోలాగా ఒక్కొక్కరికి ఒక్కొక్క పక్క తెలిసింది.

చివరి మజిలీ జపాను. అకితా ప్రాంతంలో రైతు కుటుంబంలో 1933లో పుట్టిన అకిరా ఎండో అనే కుర్రవాడికి పుట్టగొడుగులన్నా, బూజులన్నా చెప్పలేనంత ఇష్టం. పెద్దయి టోకియోలో ఒక మందుల కంపెనీలో చేరాడు. కొలెస్టెరాల్‌లో ఎక్కువ భాగం మన ఒంట్లోనే తయారవుతుంది. ఆ తయారీని అడ్డే పదార్థం ఏదైనా ఒక బూజు తయారు చేస్తూ ఉండవచ్చునని ఆయన ఊహ. 1971లో మొదలుపెట్టి రెండేళ్ళలో 6,000కు పైగా సూక్ష్మజీవులను పరీక్షించాడు. చివరకు క్యోటో నగరంలో ఒక ధాన్యపు కొట్టులోని బియ్యంమీద పెరిగిన నీలి ఆకుపచ్చ బూజులో 1973లో అది దొరికింది! పెనిసిలిన్ ఇచ్చిన బూజుకు ఇది దగ్గరి చుట్టం. స్టాటిన్లు అనే మందుల కుటుంబానికి ఇదే మొదలు. ఈ మందు పడితే కాలేయం సొంతంగా కొలెస్టెరాల్ చెయ్యలేక, రక్తంలోని పడవలకోసం కొత్త రేవులు కట్టుకుంటుంది. డల్లాస్‌లో దొరికిన తాళానికి క్యోటో బియ్యంలో తాళంచెవి దొరికిందన్నమాట. ఎండో 2024లో, 90 ఏళ్ళ వయసులో కన్ను మూశాడు. ఆయన మూలాన బతికినవాళ్ళకు లెక్క లేదు. అయితే ఏ మందైనా డాక్టరు చూసి ఇవ్వవలసిందే. పక్కింటివారు వాడుతున్నారని మనం వాడరాదు.

ఇంటికి వచ్చాక మనం చెయ్యగలిగింది ఏమిటి? గోడనూ కాపాడాలి, రక్తాన్నీ కాపాడాలి. సాయంకాలం చెమట పట్టేదాకా ఆడితే రెంటికీ మేలు. ఆకుకూర, పప్పు, పళ్ళు తిన్న నోటితోనే ఎప్పుడన్నా ఒక జిలేబీ తినవచ్చు. రోజూ నూనెలో వేగినవే తింటే గోడకు కష్టం. పచ్చళ్ళలో, అప్పడాలలో ఉప్పు ఎంత ఉంటుందో అమ్మను అడగండి. బీడీ, సిగరెట్టు ముట్టనని ఈ వయసులోనే ఒట్టు పెట్టుకున్నవాడి కాపలావాడు జీవితాంతం మెలకువగా ఉంటాడు.

పెద్దలకుకూడా ఒక మాట. మీ ఇళ్ళలో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అవసరమైతే పిల్లల రక్తంకూడా పరీక్ష చేయించమంటారు. రేవులు తక్కువైన పిల్లలను ముందుగా గుర్తిస్తే ఇప్పుడు వైద్యం ఉన్నది. డల్లాస్ వైద్యులను ఆలోచింపజేసిన ఆ తోబుట్టువుల కాలంలో అది లేదు.

ఇక పిల్లలూ, మీకొక పని. ఈ రాత్రి అన్నాలయ్యాక తాతయ్య దగ్గర కూచోండి. "తాతయ్యా, నీ రక్తపు పోటు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నావు?" అని అడగండి. జ్ఞాపకం లేదంటే, రేపు ఆయన చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ళు 1948లో చేసింది ఆ పనే.